తంగేడు కొమ్మలల్ల మోగిన ఫోను

నవ్వితే చెప్ప, ముందే అంటున్న, బీడీలు చుట్టుకుంట వినుండ్రే! పోయిన ఆదివారం గీ కుడిచెయ్యి బూరె తీరు ఉబ్బింది. బీడీలు చుడుదామంటే కత్తెర సుత పట్టరాలే. దేనికోసం? ఒక్క ఫోనుకోసం!

మా ఆయన మస్కట్‌ల ఉంటడు గదా, శుక్రారం శుక్రారం ఫోన్ చేస్తడు. గట్లాంటిది రెండు శుక్రారాలు పొయినయి, ఫోన్ లేదు. నేను చేస్తే స్విచాఫ్! కోరుట్ల బస్సుల ఒకామె, "ఆడ కంపెనీలు మూస్తున్నరట, మనోళ్లను గదులల్ల పెట్టి తాళమేస్తున్నరట" అన్నది. ఇగ నా పానం పానంల లేదు.

వానల్లేక మక్క చేనంత ఎండిపాయె. వాకిట్ల నేను పెట్టిన తంగేడొక్కటే బతికింది. గింజ పెట్టిననాడు మా అత్త, "అడివి చెట్టును ఎవలన్న ఇంట్ల పెంచుతరానే?" అని తిట్టింది. నీళ్లు పొయ్యకున్నా పెరిగె, మేక మూతి పెట్టదాయె. ఇప్పుడు చెట్టు నిండ పువ్వు, పువ్వు నిండ తేనెటీగలు, తుమ్మెదలు.

ఆ ఆదివారం పొద్దుగాల బతుకమ్మకు పువ్వు తెంపుతున్న. అత్తకు జరం, పండుకున్నది. లేస్తదేమోనని ఫోను వైబ్రేషన్‌ల పెట్టి నడుముకు చెక్కుకున్న. చెక్కుకున్ననే అనుకున్న!

కొమ్మలల్ల "గుర్ర్" మన్నది. నడుము తడిమితే ఫోను లేదు! అయ్యో, చెట్టుల పడ్డది, ఆయనే చేస్తున్నడు! అంతల్నే ఆగింది. మళ్ల "గుర్ర్"... "ఆగయ్యా, కట్ చెయ్యకు, అచ్చిన!" అని మొత్తుకుంటనే చెయ్యి దూర్చి గట్టిగ పట్టిన.

పట్టింది నల్ల తుమ్మెదను!

నా కేకకు అత్త జరంతోనే ఉరికచ్చింది. చేతుల నా ఫోను! జరం గోలి ఇచ్చేటప్పుడు ఆమె మెత్త కాడనే మర్సినట్టున్న. "ఇంతసేపు వణికింది గిదా? నాకు జరమెక్కువై వణుకుతున్ననేమో అనుకున్న" అనుకుంట ఫోనెత్తింది.

వీడియోల ఆయనే! క్యాంపు మార్చిండ్రట, కొత్తకాడ గుట్టెక్కితెనే సిగ్నలట, మంచిగనే ఉన్నడట. రెండు వారాల సంది ఎన్నో అడుగుదామనుకున్న. ఏడ్సుకుంట నేనన్నది ఒక్కటే మాట: "తుమ్మెద కుట్టిందయ్యా!"

"నన్ను సంపుతవేందే నువ్వు!" అన్నడు. పాపం, ఆయన మొకం తెల్లవడ్డది.

ఆనాటి సంది సిగ్నల్ కోసం గుట్టెక్కి మరీ దినాం చేస్తున్నడు. "వాపు తగ్గిందా?" అంటడు. "ఇంకేడ తగ్గిందయ్యా" అంట. చెయ్యి చూపియ్యమంటే నెట్ లేదని తప్పించుకుంట.

ఏం చూస్తరే నా చెయ్యి దిక్కు? తగ్గి నాలుగు దినాలాయె, నాకు తెల్వదా! తగ్గిందని చెప్తే మళ్ల శుక్రారం దాక ఆగాలె.