పట్టకం మేడం చీకటిగది

మా అమ్మమ్మను కాలేజీలో అందరూ పట్టకం మేడం అంటారు. ఎదురుగా కాదు లెండి, ప్రాణం మీద తీపి ఎవరికి ఉండదు! పట్టకపు గాజులో దూరిన వెలుగులా, ఆవిడ గదిలోకి తెల్లగా వెళ్ళిన మనిషి ఏడు రంగులూ మారి బయటికొస్తాడని ఆ పేరు. పెట్టిన మహానుభావుడెవరో తెలిస్తే సన్మానం చెయ్యాల్సిందే.

ఆవిడ డిగ్రీ పిల్లలకు ఫిజిక్స్ చెబుతుంది. ఉష్ణం, విద్యుత్తు, ఏది చెప్పమన్నా చెబుతుంది గానీ ప్రాణమంతా కాంతి కోర్సు మీదే. దానికోసం మేడ మీద మూలగది ఒకటి ఉంది. కిటికీలకు నల్లగుడ్డలు, బల్ల మీద వేడెక్కడానికి నానా గారాలూ పోయే సోడియం దీపం. రిటైరయ్యే ఈ ఆఖరి ఏడాది ఆ కోర్సు ఇంకొక్కసారి చెప్పి వెళ్ళాలని ఆవిడ పట్టుదల. పదిమంది చేరకపోతే కోర్సు రద్దు, ఆ గదిలో కంప్యూటర్లు పెట్టేస్తారు.

పదిమందేమిటి, పదమూడుమంది వచ్చారు. అమ్మమ్మ ముఖం వెలిగిపోయింది. ఆ వెలుగు ఆఫీసులో గుమస్తా బల్ల దాకా కూడా నిలవలేదు.

"వీళ్ళలో ముగ్గురికే కుదురుతుంది మేడం," అన్నాడాయన కళ్ళజోడు తుడుచుకుంటూ.

"ఏం, మిగతావాళ్ళకి కళ్ళు లేవా?"

"కళ్ళున్నాయి, తరంగాల కోర్సు లేదు. అది పాసవకుండా కాంతి కోర్సులో చేర్చకూడదు. ఈ ఏడాది దాన్ని రెండో సెమిస్టర్‌కి జరిపారు. మీదేమో మొదటి సెమిస్టర్."

"ఏ బుర్ర తక్కువ మనిషి పెట్టాడయ్యా ఆ రూలు?"

గుమస్తా కళ్ళజోడును ఇంకా శ్రద్ధగా తుడిచాడు. "మీరే మేడం. అప్పుడు నేను కొత్తగా చేరాను. కామా సరైన చోట లేదని మళ్ళీ మళ్ళీ టైపు కొట్టించారు."

వెనక ఎవరో నవ్వబోయి దాన్ని దగ్గుగా మార్చుకున్నారు.

"అల అంటే ఏమిటో తెలియనివాడికి కాంతి చెప్పడం ఈత రానివాణ్ణి నూతిలోకి తొయ్యడమేనయ్యా!" అని అమ్మమ్మ గొంతు పెంచింది.

"నిజమేనండీ. మినహాయింపు ఇస్తున్నానని ఒక్క సంతకం పడేస్తే ఏ గొడవా ఉండదు."

"నేను మినహాయింపులివ్వను. నీకు తెలీదూ?"

"తెలుసండీ. మీ అమ్మాయికే ఇవ్వలేదు కదా."

అదీ అసలు ముల్లు. ఆ అమ్మాయి, అంటే మా అమ్మ, ఆ కాలేజీలోనే చదివింది. తరంగాల పరీక్ష వేళకు జ్వరంతో మంచమెక్కింది. కాంతి కోర్సు మొదటిరోజున ఆ చీకటిగది గుమ్మంలో నిలబడి, "అమ్మా, పరీక్ష తర్వాత రాసేస్తాను, కూర్చోనివ్వు," అంది. అమ్మమ్మ తలైనా ఎత్తకుండా, "తలుపు బయటినుంచి వేసి వెళ్ళు, వెలుతురొస్తోంది," అంది. కూతురు తలుపు వేసింది. ఫిజిక్స్ మీద కూడా వేసేసింది. కామర్సులోకి మారి, ఇప్పుడు బ్యాంకులో మేనేజరైంది. ఇంట్లో బల్బు మాడిపోతే చాలు, "నాకేం తెలుసు, నేను తరంగాలు పాసవలేదుగా," అంటుంది. ఇన్నేళ్ళలో ఒక్క బల్బునూ వదిలిపెట్టలేదు.

ఆ రోజు ఇంటికొచ్చిన అమ్మమ్మ కాలేజీని తిట్టింది, తరంగాలను జరిపినవాణ్ణి తిట్టింది, కామాను తిట్టింది. "రూలంటే రూలే, సంతకం పెట్టను," అని గోడకు చెప్పింది. గోడ ఒప్పుకుంది. అయినా మనసు కుదుటపడలేదు. కూతురికి ఫోన్ చేసింది.

"ఏమే, ఒక మాట."

"ఎవరితో పోట్లాడావు?"

"ఎవరితోనూ లేదు. పదిమందికి మినహాయింపు ఇవ్వాల్సొస్తోంది. లేకపోతే నా కోర్సు ఎత్తేస్తారు."

అవతల ఏవో కాగితాలు తిరగేస్తున్న చప్పుడు.

"వింటున్నావా లేదా?"

"వింటున్నా. దేంట్లో మినహాయింపు?"

"తెలిసీ అడుగుతావేం! తరంగాల్లో."

"అదృష్టవంతులు. వాళ్ళకి నువ్వు అమ్మవి కాదుగా."

అమ్మమ్మకు ఒళ్ళు మండింది. అయినా తమాయించుకుని, "అందుకేగా నిన్నడుగుతున్నాను. నువ్వు వద్దంటే పెట్టను. పోతే పోనీ కోర్సు," అంది.

కూతురు, "పెట్టు," అంది. "కానీ వెనక బెంచీలో నాకో చోటుంచు. మొదటి క్లాసు నాకు సెలవున్న రోజున పెట్టు."

"జుట్టు నెరిసినదానివి, ఇప్పుడెందుకే నీకు?"

"బల్బులు మార్చుకోవద్దూ!"

మర్నాడు అమ్మమ్మ కాగితం చిరుగుతుందేమో అన్నంత కసిగా సంతకం పెట్టింది. దాని కింద ఇంకో రూలు రాసింది: ఈ పదిమందీ రోజూ కాలేజీ మొదలవకముందే వచ్చి తన దగ్గర తరంగాలు నేర్చుకోవాలి. కామాలు కూడా తనే పెట్టింది. గుమస్తా బతికిపోయాడు.

మొదటి క్లాసు నాడు పిల్లలందరూ గాజుపలకల మీదికి వంగి ఉన్నారు. దీపం అప్పుడే అలక మాని పసుపుపచ్చగా వెలగసాగింది. పలకల మధ్య ఆ వెలుగు గీసే వలయాలు కనబడీ కనబడకుండా ఉన్నాయి. ఇంతలో తలుపు ధడాలున తెరుచుకుంది. వరండాలోని ఎండంతా లోపలికొచ్చి పడింది. వలయాలు మాయం!

"ఎవరది?"

"నేనేనమ్మా. దారిలో ట్రాఫిక్కు..."

"అమ్మా లేదు, గిమ్మా లేదు. ఇక్కడ మేడం! మొదటిరోజే ఆలస్యమా? నిన్ను చూసి ఈ పిల్లలేం నేర్చుకోవాలి?"

కూతురు గుమ్మంలోనే ఆగిపోయింది, ఆ రోజు నిలబడ్డ చోటే. "వెళ్ళిపోమంటారా మేడం?"

అమ్మమ్మ విసుగ్గా చెయ్యి ఊపింది. "తలుపు వెయ్యి, వెలుతురొస్తోంది." తలెత్తి చూసి, ఇంకా విసుగ్గా అంది: "బయటినుంచి కాదే, మొద్దూ! లోపలికొచ్చి వెయ్యి."