వంకర సగం

ఏం చేస్తుంటారండీ అని ఎవరైనా అడిగితే బొంతలు కుడతానని చెబుతాను. అడిగినవాళ్ల నవ్వు సగంలో ఆగిపోతుంది. పటమటలో సొంత ఇల్లు, మావారికి ఆటోనగర్‌లో స్పేర్ పార్టుల షాపు, ఈవిడకు పాతగుడ్డలతో బొంతలు కుట్టుకునే ఖర్మ ఏం పట్టిందో అనుకుంటారు. మా అత్తగారైతే ఆ మాట పైకే అనేవారు. "క్విల్టులని చెప్పు వదినా, గౌరవంగా ఉంటుంది" అని మా ఆడపడుచు సలహా ఇచ్చింది. నేను వినలేదు. పుట్టినప్పుడు నన్ను పడుకోబెట్టింది బొంత మీదే. పేరు మార్చుకుని తిరగాల్సినంత తప్పు అదేం చేసిందని?

అక్క నాకు మంగళగిరిలో దొరికింది. తోడబుట్టిన అక్క కాదు. మగ్గం మీద చివర మిగిలిన ముక్కలూ, మరక పడి అమ్ముడుపోని ముక్కలూ మూటలు కట్టి పెట్టే దుకాణం ఒకటుంది అక్కడ. ఆవపిండి రంగు, నీలం రంగు ముక్కలున్న ఒక మూటను ఈ కొస నేను, ఆ కొస ఆమె పట్టుకున్నాం.

"ముందు నేను చూశానండీ" అన్నాను.

"చూడ్డం మీరు చూశారేమోనండీ, పట్టుకోడం నేను పట్టుకున్నా" అంది ఆమె, నవ్వకుండా.

ఇద్దరం మూట వదల్లేదు. మూటతో పాటే ఒకే బస్సెక్కాం. వారధి దాటేలోపు ఆమెది కంకిపాడనీ, ఆస్పత్రిలో నర్సుగా చేసి రిటైరయిందనీ, నాలాగే బొంతల పిచ్చి అనీ తెలిసింది. దిగేముందు ఒక ఒప్పందానికి వచ్చాం. ఆ ముక్కలన్నీ కలిపి ఒకటే బొంత. ఒక కొస నుంచి ఆమె, ఇంకో కొస నుంచి నేను కుట్టుకుంటూ వచ్చి మధ్యలో కలవాలి. మధ్య గీతకు ఎవరు ముందు చేరితే వాళ్లకు రెండోవాళ్లు టీ పెట్టాలి.

ఆ తర్వాత మేం కుట్టిన ప్రతి పెద్ద బొంతా అలాగే కుట్టాం. నా కుట్టు చిన్నది, బిగువైనది. ఆమెది కాస్త బారు కుట్టు, కానీ స్కేలు పెట్టి గీసినట్టు తిన్నగా పోతుంది. వార్డులో పిల్లలు ఆమె చేత్తోనే ఇంజక్షను చేయించుకుంటామని పేచీ పెట్టేవారట. ఆ చేతి మీద ఆమెకు గర్వం ఉండేది, దాచుకునేది కూడా కాదు. ఆదివారం చర్చి అయ్యేదాకా ఆమె సూది ముట్టదు. మంగళవారం కొత్త పని నేను మొదలుపెట్టను. మిగిలిన రోజులన్నీ మావే. గుడ్డల కోసం పెడన వెళ్లాం, చీరాల వెళ్లాం, ఒకసారి పోచంపల్లి దాకా వెళ్లి రైల్లో మా బొంతే పరుచుకుని పడుకున్నాం. మమ్మల్ని చూసి మావారు "గంతకు తగ్గ బొంత" అనేవారు. అనుకోనీ.

ఆమె చెయ్యి వణకడం మొదలైనప్పుడు మేం అన్నిటికంటే పెద్ద బొంత మీద ఉన్నాం. మొదట టీ గ్లాసు దగ్గర కనిపించింది. తర్వాత సూదిలో దారం ఎక్కించడం కష్టమైంది. డాక్టరు జబ్బు పేరు చెప్పి మాత్రలిచ్చాడు. తగ్గేది కాదని నర్సుకు ఎవరూ చెప్పక్కర్లేదు. దారం నేను ఎక్కించి ఇస్తుంటే ఆమె కుట్టింది. కుట్టు కాలవ గట్టు మీద మేక నడిచినట్టు పోయింది. ఆ బొంత పూర్తి కావడానికి చాలాకాలం పట్టింది. నేను మధ్యగీత చేరి, టీ అడక్కుండా, ఆమె వచ్చేదాకా కూర్చున్నాను.

అప్పుడే ఊళ్లో ఒక హాల్లో చేతిపనుల ప్రదర్శన పెడుతున్నారని తెలిసి పేరిచ్చాను. చిన్న బొంతలకు ఒక టేబులు ఇస్తామన్నారు. పెద్దదాన్ని గోడకు పెడదామని చూడ్డానికి నిర్వాహకురాలు మా ఇంటికే వచ్చింది. మర్యాదస్తురాలు. అక్క కూడా ఆ రోజు మా ఇంట్లోనే ఉంది.

"వర్క్ చాలా బావుందండీ. ఈ సైడు మాత్రం ఫినిషింగ్ లేదు. ఈ సగం విప్పేసి మీరే మళ్లీ కుడితే మెయిన్ వాల్ మీద పెట్టేస్తాం ఆంటీ."

"కుదరదమ్మా" అన్నాను.

"ఎందుకండీ, టైముందిగా?"

"టైమున్నా కుదరదు. అది పాడైపోయింది కాదు, కుట్టింది."

ఆ అమ్మాయి ఇబ్బందిగా నవ్వి వెళ్లిపోయింది. అక్క వెళ్తూ "అంచు తిప్పాలిగా, నేను చూసుకుంటాలే" అని బొంత కంకిపాడు పట్టుకెళ్లింది. అంచు తిప్పడానికే అని నమ్మాను.

వారం తిరిగాక వెళ్తే బొంత మంచం మీద పరిచి ఉంది. ఆమె సగంలో ఒక్క కుట్టు లేదు. పక్కన స్టీలు గిన్నెలో విప్పిన దారం పోగులు.

"నువ్వు కుట్టుకో అమ్మాయ్" అంది. "గోడెక్కుతుంది, నలుగురూ చూస్తారు. నా చెయ్యి పనైపోయింది. నా మూలంగా నీ పని ఎందుకాగాలి?"

నాకు కోపం వచ్చింది. ఆ నిర్వాహకురాలి మీద కాదు, అక్క మీదే. అన్నాళ్లు పళ్ల బిగువున కుట్టిన దాన్ని, ఎవరో అన్నారని తన చేత్తోనే ఊడదీసుకుంది. ఆ మాటే అన్నాను. ఆమె తన చేతిని కొంగు కింద పెట్టుకుని కిటికీలోంచి బయటకు చూస్తూ కూర్చుంది. ఇక సూది పట్టనని అప్పుడే చెప్పింది. బట్టలు మడతపెడుతూ మాట్లాడే మామూలు గొంతుతో చెప్పింది. ఆ గొంతుకే నాకు భయమేసింది.

బొంత మడవబోతే వెలుగు ఏటవాలుగా పడింది. గుడ్డ నిండా సూది బెజ్జాలు. కుట్టు పోయినా దారి పోలేదు. పొరలు కదలకుండా ముందే వేసుకున్న టాకాలు ఆమె ముట్టుకోలేదు, అందుకే బెజ్జాలు ఎక్కడివక్కడే ఉన్నాయి. నీళ్లు తగిలితే మాత్రం మూసుకుపోతాయి. బయట మబ్బు పట్టి ఉంది. ప్లాస్టిక్ కవర్లన్నీ అడిగి తీసుకుని బొంతను చుట్టి, బస్సులో ఒళ్లో పెట్టుకుని పటమట వచ్చాను.

కిటికీ దగ్గర కూర్చుని, ఆమె బెజ్జాల్లోంచే కుట్టడం మొదలుపెట్టాను. తేలికనుకున్నాను. నా సూది తిన్నగా పరుగెత్తబోయేది. దాన్ని ఆపి, ఆమె పక్కకు పోయినచోట నేనూ పక్కకు పోవాలి. "ఇన్నేళ్లకు వంకర నేర్చుకుంటున్నావా?" అని మావారు వెక్కిరించారు. అవునన్నాను. కొన్నిచోట్ల కుట్టు తిన్నగా ఉండేది, మాత్ర పనిచేసిన పొద్దులు కాబోలు. కొన్నిచోట్ల ఒకే జాగాలో మూడు నాలుగు బెజ్జాలు, సూది దిగక మళ్లీ మళ్లీ పొడిచింది. అక్కడ నా చెయ్యి ఆగిపోయేది. పక్కనే కూర్చుని కూడా నేను చూడనిది అది. ఏడుస్తూనే కుట్టాను. కానీ ఒక్క బెజ్జం వదల్లేదు.

ప్రదర్శన రోజున అక్కను కంకిపాడు నుంచి ఆటోలో తీసుకొచ్చాను. గోడ మీద మాకు చోటు లేదు, అడగనూ లేదు. నా టేబులు వెనక రెండు స్తంభాలున్నాయి. ఇంటి దగ్గర్నుంచి బట్టలారేసే ప్లాస్టిక్ తాడు తెచ్చుకున్నాను. తాడు కట్టి, బొంత విప్పి, ఆరేశాను.

నిర్వాహకురాలు పరుగున వచ్చింది. "ఆంటీ, మనం అనుకున్నాం కదండీ."

"నువ్వు అనుకున్నావమ్మా. నేను ఆరోజే చెప్పాను. తీసేయాలంటే నీ చేత్తో తియ్యి."

ఆ అమ్మాయి తాడు వైపు చూసింది, నా వైపు చూసింది, వేరే ఎవరో పిలిస్తే వెళ్లింది. మళ్లీ రాలేదు.

అక్క మాత్రం బొంత దగ్గరే నిలబడి ఉంది. చెయ్యి ఇంకా కొంగు కిందే.

"ఎవరు కుట్టారే ఇది?"

"నువ్వే."

"నేను ఊడదీశానుగా."

"దారం ఊడదీశావు. నీ బెజ్జాలు అలాగే ఉన్నాయిగా అక్కా."

ఆమె వంగి కుట్టును దగ్గరగా చూసింది. జనం వస్తున్నారు, తాకి చూస్తున్నారు. చేతిలో బిడ్డతో ఒకావిడ ఆగి, మధ్యగీత మీద వేలు పెట్టి, "ఇద్దరు కుట్టినట్టున్నారండీ, ఇటు ఒకరు, అటు ఒకరు. ఇదెవరిది?" అని వంకర సగం చూపించి అడిగింది. నేను నోరు తెరవబోయాను.

అక్క కొంగు కింద నుంచి చెయ్యి బయటకు తీసి, ఆ వణికే చేతినే బొంత మీద ఆనించింది. బొంత కూడా చిన్నగా కదిలింది.

"నాదండీ" అంది.

ఆవిడ వెళ్లాక కుర్చీలో కూర్చుంది. టేబులు కింద నా సంచి ఉంటే కాలితో ఇటు లాక్కుంది. "సూదిలో దారం ఎక్కించి పెట్టు అమ్మాయ్. ఊరికే కూర్చోడం నావల్ల కాదు."