ఓడెక్కిన తాబేలు

చిక్కడపల్లి చుట్టుపక్కల పిల్లల పుట్టినరోజుకు మాట్లాడే బొమ్మ కావాలంటే శ్రీశైలానికే ఫోన్ చేసేవాళ్లు. పెదవి కదపకుండా, చేతికి తొడుక్కున్న బొమ్మచేత మాట్లాడించడం అతని పని. గ్రూప్స్ రాద్దామని అచ్చంపేట పక్క పల్లెనుంచి వచ్చి అశోక్‌నగర్ హాస్టల్లో దిగాడు. పరీక్షలు వాయిదా పడ్డప్పుడల్లా దిండు గలీబును పిల్లిగా చేసి గదిలోవాళ్లను నవ్వించేవాడు. ఉద్యోగం రాలేదు, ఆ నవ్వించడమే బతుకుతెరువైంది. పక్క మంచం రమాకాంత్‌కూ ఉద్యోగం రాలేదు. అతన్ని కూర్చోబెట్టుకుని గొంతు మార్చడం, ఊపిరి బిగబట్టడం నేర్పింది శ్రీశైలమే.

శ్రీశైలం బొమ్మల్లో అతనికి ప్రాణం తాబేలు. సుల్తాన్ బజార్‌లో ఏరి తెచ్చిన ఆకుపచ్చ మఖ్మల్‌తో భార్య సంధ్య కుట్టింది. సముద్రంలో తేలే ప్లాస్టిక్ కవరును తినేదనుకుని మింగేసి, కడుపునొప్పితో పిల్లల దగ్గరకు మొరపెట్టుకోవడానికొచ్చిన ముసలి తాబేలు అది. దానికి చనిపోయిన తన తండ్రి పేరే పెట్టాడు, పెద్దులు అని. గొంతూ ఆయనదే. పెద్దులుకు ఆయాసం. మాట మధ్యలో ఆగి, "జర ఆగుండ్రి, చెప్త" అని ఊపిరి తీసుకునేవాడు. తాబేలూ అట్లాగే ఆగేది. కూతురు మహిత ఆ బొమ్మను తాతా అనే పిలిచేది.

రమాకాంత్‌కు ముంబైనుంచి బయల్దేరే ఒక విహార నౌకలో పిల్లలను ఆడించే పని దొరికింది. చేరిన కొత్తలోనే ఫోన్ చేశాడు.

"అన్నా, ఈడ బొమ్మలాట చేసే మనిషి కావాలంటున్నరు. నీ తాబేలు వీడియో పంపు, మా మేడంకు చూపిస్త. ఇద్దరం ఒక్కదగ్గరుంటం."

శ్రీశైలం వీడియో పంపాడు. చేతికి తొడిగి చూస్తేగాని తెలియదని రమాకాంత్ అంటే, సంధ్యచేత ఇంకో తాబేలు కుట్టించి అదీ పంపాడు. పాస్‌పోర్టుకు తిరిగాడు. చివరికి, "ఎవ్వర్నీ తీసుకుంటలేరు అన్నా" అన్నాడు రమాకాంత్. "పోనీ తియ్యి తమ్మి, నువ్వన్న మంచిగుండు" అన్నాడు శ్రీశైలం. మనస్ఫూర్తిగానే అన్నాడు.

కొన్నాళ్లకు సంధ్య పనిచేసే బీమా కంపెనీ, బాగా పనిచేసిన ఏజెంట్లను కుటుంబాలతో సహా ఓడ యాత్రకు తీసుకెళ్లింది. చూస్తే రమాకాంత్ ఉన్న ఓడే. శ్రీశైలం ఎన్నిసార్లు చేసినా ఫోన్ కలవలేదు. సముద్రం మీద సిగ్నల్ ఉండదేమోలే అనుకుని, అతనికని నారాయణగూడలో సకినాలు కొని పెట్టెలో పెట్టుకున్నాడు.

ఓడ చూసి మహిత కాళ్లు నేలమీద ఆనలేదు. పిల్లల గదులన్నీ ఓడ నడిమధ్యన ఉన్నాయి, ఊగుడు అక్కడే తక్కువట. బల్లల మూలలన్నీ గుండ్రంగా తీర్చారు. ఎక్కి దూకకుండా, సముద్రం మాత్రం కనపడేలా ఓడ అంచుల్లో కమ్మీలకు బదులు నిలువెత్తు అద్దం పెట్టారు. పక్కపక్క గదులకు మధ్యలో తలుపు, తాతలూ మనవలూ అటూ ఇటూ తిరగడానికి. తాగడానికి ప్లాస్టిక్ గొట్టాలు లేవు. ఎవరి సీసా వాళ్లే నింపుకోవాలి. స్నానాల నీటిని కూడా శుభ్రం చేశాకే సముద్రంలోకి వదులుతామని ఓడ సిబ్బందిలో ఒకామె పిల్లలకు చెప్పింది. శ్రీశైలానికి ముచ్చటేసింది. తన తాబేలు ఉండాల్సిన చోటు ఇదేననుకున్నాడు.

సాయంత్రం పిల్లల ఆటకు వెళ్లారు. తెర తొలగింది. రమాకాంత్ చేతిమీద ఆకుపచ్చ తాబేలు ఉంది. కవరు మింగడం, కడుపునొప్పి, ఇక కవర్లు పడెయ్యబోమని పిల్లలు ఒట్టు పెట్టడం, అంతా వరస తప్పకుండా నడిచింది. మాటలు హిందీలో ఉన్నాయి. ఆయాసం వచ్చినప్పుడు మాత్రం తెలుగే. "జర ఆగుండ్రి, చెప్త."

"నాన్నా, తాత" అంది మహిత.

సంధ్య భర్త మోచేయి పట్టుకుంది. శ్రీశైలం కదల్లేదు. ఆట అయ్యాక ముందు వరసలోని పిల్ల ఒకతె లేచి, ఈ తాబేలు గొంతు ఎవరిదని అడిగింది. రమాకాంత్ తాబేలును గుండెకు హత్తుకున్నాడు. "ఇది మా నాన్న గొంతు. ఆయన ఇప్పుడు లేరు" అన్నాడు. పెద్దవాళ్లు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. కొందరు కళ్లు తుడుచుకున్నారు.

రమాకాంత్ తండ్రి సిద్దిపేటలో ఉన్నాడు. నిక్షేపంగా ఉన్నాడు.

మర్నాడు పొద్దున పిల్లల గది బయట రమాకాంత్ ఎదురుపడ్డాడు.

"అన్నా, ఒక్క పోస్టే ఉండె. వీడియో చూసి మేడం నువ్వు చేస్తవా అనడిగింది. చేస్త అన్న. ఇంటికాడ పరేషాన్ ఉండె."

"నాకు చెప్తే వద్దంటుంటినా?"

రమాకాంత్ తలొంచుకున్నాడు. "అనకపోతుంటివి."

"బొమ్మ తీస్కున్నవ్, ఆట తీస్కున్నవ్. నా నాయినను ఎందుకు తీస్కున్నవ్ తమ్మి?"

"ఎవరి గొంతని ఓసారి అడిగిన్రు. నోటికొచ్చింది చెప్పిన. జనం ఏడ్సిన్రు. గప్పట్నుంచి ఆటల అది కూడ ఉండాల్నన్నరు." మళ్లీ తనే, "వచ్చేసారి నిన్ను నాకు అసిస్టెంట్‌గ తీసుకొమ్మని మాట్లాడుత" అన్నాడు.

శ్రీశైలం గదికి వెళ్లిపోయాడు. మిగిలిన యాత్రంతా మహితను ఈతకొలను దగ్గర ఆడించాడు. మళ్లీ ఆ ఆటకు వెళ్లలేదు. దిగేముందు సకినాలు పక్క గదిలోని ముసలివాళ్లకు ఇచ్చేశాడు.

హైదరాబాద్ వచ్చాక బర్కత్‌పురలో ఒక పుట్టినరోజు కుదిరింది. తాబేలు మాట్లాడడం మొదలుపెట్టగానే పిల్లవాడి తల్లి నవ్వుతూ అంది: "ఇది ఓడమీది ఆట కదండీ, ఫోన్లో చూశాం. మీరు కూడా బాగానే చేస్తున్నారు." శ్రీశైలం ఆట పూర్తిచేశాడు. ఆ తర్వాత ఎవరడిగినా కోతినీ పిల్లినీ తీసుకెళ్లాడుగాని తాబేలును తీయలేదు. రమాకాంత్ ఫోన్ చేసినా ఎత్తలేదు.

ఒక మధ్యాహ్నం సంధ్య వంటింట్లో ఉండగా శ్రీశైలం గుమ్మంలోకొచ్చి నిలబడ్డాడు. ఏదో అనబోయి ఆగి, మళ్లీ మొదలుపెట్టాడు.

"నాయిన గొంతు యాదికి తెచ్చుకుందామంటే రమాకాంత్ గొంతే వస్తుంది సంధ్యా. ఎంత జూసినా గదే."

సంధ్య స్టవ్ ఆపింది. "ఏదీ, జర ఆగుండ్రి అను."

అన్నాడు. ఆమె తల అడ్డంగా ఊపింది.

"ఇట్ల కాదు. మామ ఇంకా మెల్లగ అంటుండె."

అతను మళ్లీ అన్నాడు.