మార్సియెన్ కోసం దాచిన చీజ్

ఆ ఇంట్లో ఉన్నన్నాళ్ళూ ఒదీల్ పొద్దున్నే కాఫీకన్నా ముందు నేలమాళిగలోకి దిగేది. తెల్ల వైన్‌లో కాస్త ఉప్పు కలిపి, పాత చొక్కా గుడ్డ ముంచి, చెక్క మీదున్న రెండు చీజ్ చక్రాలనూ బూజు పట్టకుండా పసిపిల్లల ఒళ్ళు తుడిచినట్టు తుడిచేది. రెండింటినీ తిరగేసి పెట్టి, ఎలుకలేమైనా చేరాయేమోనని మూలలన్నీ చూసి, అప్పుడు పైకి వచ్చి పొయ్యి వెలిగించేది.

మా లోయలో పెళ్ళైన ఏడాది, కొండ మీది మేత బీళ్ళలో పాలు కాచి చేసిన చీజ్‌లోంచి రెండు చక్రాలు పక్కన పెడతారు. ఒకటి మొగుడిది, ఒకటి పెళ్ళానిది. పైపెచ్చు మీద ఎవరి గుర్తు వాళ్ళకు కత్తితో గీస్తారు. ఆ మనిషి పోయిన రోజున, పూడ్చి వచ్చాక, గుమ్మంలో ఆ చక్రం కోసి వచ్చినవాళ్ళకు తలా ఒక ముక్క, ఒక గ్లాసు వైన్ ఇస్తారు. అప్పటికి అది రాయిలా బిగుసుకుని ఉంటుంది, రుచి చేదెక్కి ఉంటుంది. అయినా ఎవరూ ఉమ్మెయ్యరు. ముక్క అందినవాడు ఆ ఇంటి మనిషి. గుమ్మంలో నిలబడి కూడా అందనివాడు కాడు.

ఒదీల్ భర్త మార్సియెన్ జీవితమంతా నల్లావులను కాశాడు. అతని గుర్తు కొడవలి వంపు. ఆమెది రెండు అడ్డగీతలు. వాళ్ళకు పిల్లల్లేరు. ఇంటి కింది సగం మార్సియెన్ తమ్ముడి వాటా. తమ్ముడు పోయాక అది అతని కొడుకు దమియెన్‌కు వచ్చింది. కొండ నడకల పుస్తకాల్లో మా ఊరి బొమ్మ పడ్డప్పటినుంచీ వేసవి వస్తే వీధినిండా వీపు సంచులే. దమియెన్ తన సగాన్ని నడక జనానికి బసగా మార్చాడు. వసారాకు ఎర్రపూల కుండీలు వేలాడదీశాడు. పేడ వాసన వస్తోందని ఆవుల కొట్టం కూడా మూయించాడు. వచ్చినవాళ్ళు మాత్రం ఊరు ఎంత పాతగా, ఎంత ముద్దుగా ఉందో అనుకుంటూ ఫొటోలు తీసుకునేవారు.

మార్సియెన్ ఊపిరితిత్తులు పాడై, లోయ అడుగున ఉన్న ఆసుపత్రిలో చేరాడు. ఒదీల్ రోజూ బస్సులో కొండ దిగి వెళ్ళి, బస్సులోనే ఎక్కి వచ్చేది. జూలైలో ఒక సాయంత్రం ఆమె బస్సు దిగేసరికి ఇంటి ముందు బల్ల చుట్టూ పదిమందిదాకా కూర్చుని ఉన్నారు. మధ్యలో చీజ్ చక్రం, పక్కన రంపం. కొందరు ముక్క నోట్లో పెట్టుకుని మొహాలు చిట్లించి నవ్వుకుంటున్నారు. ఒకామె నమిలిన ముక్కను కాగితంలోకి ఉమ్మి మడతపెట్టింది. మిగిలిన పెచ్చు మీద కొడవలి వంపు సగం కనిపిస్తోంది.

ఒదీల్ దమియెన్‌ను వెనక వాకిట్లోకి పిలిచింది.

"అది ఎవరిదో నీకు తెలుసు."

"ఈ రోజుల్లో అవి ఎవరు కోస్తున్నారు పెద్దమ్మా? మొన్న పోయిన ముసలాయనకు కూడా హోటల్ నుంచి భోజనం తెప్పించారు. వీళ్ళు అడిగి మరీ రుచి చూశారు. ఇంకోటి ఉందిగా."

"ఇంకోటి నాది."

"పెదనాన్న బాగానే ఉంటాడులే. ఆయన కోలుకుని వస్తే ఈ గొడవ తలుచుకుని నువ్వే నవ్వుతావు."

ఆమె బల్ల దగ్గరికి వెళ్ళి మిగిలిన ముక్క తీసుకోబోయి, మీదంతా పడ్డ జామ్ మరకలు చూసి చెయ్యి వెనక్కి తీసుకుంది.

మర్నాడు ఆసుపత్రిలో మార్సియెన్ ఆయాసపడుతూనే అడిగాడు. "ఏమే, నాది తుడుస్తున్నావా? నీదానికి బద్ధకించినా ఫర్వాలేదు. నువ్వు ఇప్పుడిప్పుడే పోయే రకం కాదు."

"తుడుస్తున్నాను."

"బూజు పట్టలేదు కదా?"

"లేదు. నిగనిగలాడుతోంది."

అతను తృప్తిగా కళ్ళు మూసుకున్నాడు. ఆ తర్వాత ఆమె చూడటానికి వెళ్ళిన ప్రతిసారీ అదే అడిగేవాడు, ఆమె అదే చెప్పేది. కొండ మీంచి ఆవులు దిగే రోజుల్లో అతను పోయాడు.

పూడ్చి వచ్చాక ఊరివాళ్ళు గుమ్మం ముందు నిలబడ్డారు. ఒదీల్ నేలమాళిగలోకి ఒంటరిగా దిగి, చక్రాన్ని ఒళ్ళో పెట్టుకుని మెట్టుమెట్టుకూ ఆగుతూ పైకి తెచ్చింది. శవం మోసినవాళ్ళలో పెద్దవాడు కసిమీర్. గొడ్డలి ఎత్తబోయి పెచ్చు మీది రెండు అడ్డగీతలు చూసి ఆగాడు.

"ఇది నీ గుర్తు కదా, చెల్లీ. ఇది కోసేస్తే రేపు నీకు?"

"కొయ్యి అన్నయ్యా. జనం నిలబడి ఉన్నారు."

అతను కోశాడు. ఆమె తనే పళ్ళెం పట్టుకుని వరసగా అందరికీ ఇచ్చింది. నల్ల సూటు వేసుకుని దమియెన్ వరసలో ఉన్నాడు. చెయ్యి చాపాడు. ఆమె అతని చేతిని చూసింది, మొహం చూసింది, పక్కన నిలబడ్డ తపాలా ఆవిడ చేతిలో ముక్క పెట్టింది. దమియెన్ చెయ్యి కాసేపు అలాగే ఉండిపోయింది. ఊరంతా చూసింది. వైన్ పోసే చప్పుడొక్కటే వినిపించింది.

ఆమె ఆశించినట్టు అతను సిగ్గుతో చచ్చిపోలేదు. ఊరు కూడా అతన్ని వెలివేయలేదు. వేసవి వచ్చేసరికి వాళ్ళందరికీ అతని బసతో పని ఉంది, ఒకరికి రొట్టెలు అమ్మాలి, ఒకరి కూతురికి అక్కడ ఉద్యోగం. తన వాటా కింద నీళ్ళ గొట్టాలు మార్చాలని అతను ఇంటిని ఏడాదిపాటు తవ్వాడు. దుమ్ముకీ చలికీ ఒదీల్ దగ్గు తగ్గలేదు. చివరికి పై సగం కూడా అతనికే అమ్మింది. కొనేవాళ్ళు వేరే లేరు.

ఇప్పుడామె లోయ అడుగున పట్నంలో, రైల్వే స్టేషన్ వెనక ఒక గదిలో అద్దెకుంటోంది. మూడో అంతస్తు. లిఫ్టు ఉంది. పొద్దున్నే దిగి తుడవడానికి చక్రం లేదు.