ఈశాన్యానికి ఎదురుతిరిగిన మా డాబా

ఇంటి దస్తావేజుతో పాటు బుద్ధి కూడా మన పేరున రిజిస్టర్ అవుతుందని మీకెవరు చెప్పారు? ఎవరైనా చెప్పి ఉంటే వాళ్ళను నా దగ్గరికి పంపండి. ఎల్.బి.నగర్ వెనక ఒక కాలనీలో, సొంత ఇంట్లో, నడి హాల్లో గొడుగు పట్టుకుని పప్పన్నం తిన్నవాణ్ణి నేను. ఆ వరద ఆకాశం నుంచి వచ్చింది నిజమే గానీ, దాన్ని లోపలికి ఆహ్వానించింది మాత్రం నా వాగ్ధాటి.

అప్పటికి మా రోడ్డు మీద మెట్రో స్తంభాలు లేవు. నేను కృష్ణా జిల్లా కుర్రాణ్ణి. మూఢనమ్మకాల మీద వ్యాసాలు రాసేవాణ్ణి, సాయంత్రాలు సభల్లో వాదించేవాణ్ణి. ఒక సభలో సునీత అనే నల్లగొండ పిల్ల లేచి నా వాదనలో మూడు తప్పులు చూపించింది. ఆమెను మళ్ళీ ఓడించే మార్గం కనిపించక పెళ్ళి చేసుకున్నాను. రిజిస్ట్రార్ ఆఫీసులో, పట్టుబట్టి రాహుకాలంలో. ఆమె దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్లో లెక్కలు చెప్పేది.

ఆమె తండ్రి, అంటే మా మామగారు, ఆర్టీసీలో డ్రైవరుగా రిటైరయ్యారు. స్టీరింగుకు దండం పెట్టనిదే బండి కదిలించని మనిషి. రాహుకాలపు పెళ్ళిని ఎలాగో మింగారు. కొత్తగా కొన్న ఇంట్లో గృహప్రవేశం పూజ కూడా లేదనేసరికి మాత్రం గొంతులో అడ్డం పడింది.

"పాలన్న పొంగియ్యుర్రి అల్లుడా."

"కాఫీకి పొంగిస్తాం మామయ్యా."

"వాస్తు సూపిచ్చినవా?"

"గాలి చూశాను, వెలుతురు చూశాను."

"మరి మీద సూసినవా?"

తలెత్తి చూశాను. కొన్నది పాత ఇల్లు. స్లాబు నిండా పగుళ్ళు, నల్లగొండ జిల్లా రోడ్ల మ్యాపు అచ్చుగుద్దినట్టు. ఆ జిల్లా రోడ్లన్నీ తెలిసిన మామగారు ఆ మ్యాపును తీరిగ్గా చదివి అన్నారు:

"గీ వానకాలం నీ ఇల్లు కురవకపోతే వాస్తు మాట మళ్ళ నా నోట రాదు. కురిసిందో, నువ్వూ బిడ్డా పీటల మీద కూసొని సత్యనారాయణ వ్రతం జేసుడే. ఒప్పుకుంటవా?"

"ఒప్పుకున్నా!"

నేనెందుకు ఒప్పుకున్నానని అడక్కండి. సవాలు వినిపిస్తే చాలు, వేదిక లేకపోయినా ఎక్కేవాణ్ణి. కానీ ఆ పందెంలో ఒడ్డింది నా పరువును. వ్రతాల మీద నిప్పులు కక్కిన నేను పట్టుపంచె కట్టుకుని పీట మీద కూర్చుంటే, మా సభల వాళ్ళు ప్రసాదం తినడానికి వచ్చి నన్నే నమిలేసేవారు.

కాబట్టి కప్పు బాగుచేయించాలి. మల్లేశ్ మేస్త్రి వచ్చి డాబా మీద గచ్చును సుత్తితో అక్కడా ఇక్కడా కొట్టి, "మొత్తం పొక్కింది సార్. చెక్కి కొత్తది పొయ్యాలె," అన్నాడు. సునీత స్కూటరు కోసం కడుతున్న చిట్టీ ఎత్తింది. స్కూటరు ఆలోచననూ దాంతో పాటే ఎత్తేసి అటక మీద పెట్టింది.

పాత గచ్చు చెక్కారు, పగుళ్ళు పూడ్చారు, సిమెంటు మాలు కలిపారు. అంతా సవ్యంగా సాగుతున్న ఆ శుభఘడియలో మల్లేశ్ అడగకూడని మనిషిని అడగకూడని మాట అడిగాడు.

"నీళ్ళకు వాలు ఈశాన్యం దిక్కే గద సార్?"

"ఎందుకు?"

"గట్లనే ఉండాలె. నైరుతి ఎత్తు, ఈశాన్యం పల్లం. వాస్తు సార్."

వాస్తు! నా డాబా మీద, నా ఎదుట! పిట్టగోడనే వేదిక చేసుకున్నాను. కలిపిన మాలు గంపల్లో గట్టిపడుతోంది, నేను మాత్రం కరిగి ప్రవహిస్తున్నాను.

"మల్లేశ్, నీళ్ళకు దిక్కుల పేర్లు తెలుసా?"

"తెల్వదు సార్."

"ఈశాన్యం పల్లంగా లేని ఇళ్ళలో జనం బతకడం లేదా?"

"బతుకుతుర్రు సార్."

"మరి ఎవరు పెట్టారీ సంకెళ్ళు?"

"నేనైతే పెట్టలె సార్!"

"అయితే తెంచెయ్! వాలు నైరుతికి పెట్టు! ఈ కాలనీలో ఒక్క కప్పయినా తిరగబడాలి!"

"తిరగబడదాం సార్!" అన్నాడు మల్లేశ్ తాపీ పైకెత్తి. నా జీవితంలో అంత త్వరగా మారిన మనిషి మరొకడు లేడు. నా కళ్ళు చెమర్చాయి కూడా.

సాయంత్రం సునీత వచ్చి, "డాబా ఎట్ల వచ్చింది?" అంది.

"విప్లవాత్మకంగా."

"విప్లవం ఏమొద్దు. కురవకుంటే సాలు." పరీక్ష పేపర్ల కట్టతో లోపలికి వెళ్ళిపోయింది.

ఆ ఎండాకాలం సాయంత్రాలు ఇప్పటికీ నా వెంటే ఉన్నాయి. సునీత దిల్‌సుఖ్‌నగర్ నుంచి మిర్చి బజ్జీలు తెచ్చేది. కొత్త గచ్చు మీద, వేడి చల్లారడానికి నీళ్ళయినా చిలకరించకుండానే, చాప పరిచేవాళ్ళం. నాదర్‌గుల్ వైపు నుంచి శిక్షణ విమానాలు, అప్పుడే నడక నేర్చిన పిల్లల్లా, తడబడుతూ తిరిగేవి. దూరంగా విజయవాడ బస్సుల హారన్లు. "మన డాబా," అనేది సునీత ఊరికే. "మన డాబా," అనేవాణ్ణి నేనూ. అంతకు మించి మాట్లాడుకున్నది ఏమీ లేదు.

తర్వాత వాన వచ్చింది. దానికి ఒక గంట ముందు మామగారు వచ్చారు.

"మబ్బు పట్టిందని బస్సెక్కిన," అన్నారు దాపరికం లేకుండా.

ముగ్గురం హాల్లో భోజనాలకు కూర్చున్నాం. బయట కుండపోత. నేను రెండోసారి పప్పు వడ్డిస్తూ ఇంకా ఒక్క చుక్కయినా రాలేదని గర్విస్తున్నాను. మామగారి కంచంలో టప్పున పడింది.

"అల్లుడా," అన్నారాయన ప్రశాంతంగా, "పప్పు పల్చనైతున్నది."

తర్వాత నా కంచంలో. తర్వాత ఎక్కడ పడితే అక్కడ. బకెట్లు అయిపోయాయి, గిన్నెలు అయిపోయాయి, నేను గొడుగు తెరిచాను. మామగారు కప్పు వైపు వేలు చూపించారు.

"నైరుతి మూల! పెద్దలు ఊకనే అనలేదు బిడ్డా. వచ్చే పున్నానికి వ్రతం. పట్టుపంచె నేనే తెస్త."

సునీత డాబా మీదికెళ్ళి తడిసి ముద్దయి దిగింది. ఆమె గొంతు లెక్క తప్పు చేసిన పిల్లవాడితో మాట్లాడుతున్నంత మెత్తగా ఉంది.

"నీళ్ళు పొయ్యే పైపు ఏ మూలకున్నది?"

"ఈశాన్య మూలకు."

"వాలు ఏ మూలకున్నది?"

నేను పప్పు కలుపుకున్నాను.

"గట్ల ఎందుకు పెట్టిచ్చినవ్?"

"మల్లేశ్ వాస్తు అన్నాడు."

"అంటే?"

"అందుకని..."

"అందుకని పైపును ఈ మూలకు ఇడిచిపెట్టి ఆ మూలకు చెరువు కట్టిచ్చినవా?"

పాఠకులారా, నా స్థితి చూడండి. నా ముందు రెండే దారులు. దిక్కులు పగబట్టాయని ఒప్పుకుని పీట మీద కూర్చోవడం ఒకటి. పందెం వాస్తు మీదే గనక, నేను శుద్ధ మూర్ఖుణ్ణని రుజువు చేసి తప్పించుకోవడం రెండోది. ఎన్నో సభల్లో ఎన్నో రుజువు చేశాను గానీ ఇంత కష్టమైన విషయం ఎప్పుడూ తగల్లేదు. వాన తెరిపి ఇవ్వగానే మామగారిని చెయ్యి పట్టుకుని డాబా ఎక్కించి, పైపు మూతి దగ్గరే బకెట్ నీళ్ళు కుమ్మరించాను. నీళ్ళు పైపును చూసి జడుసుకున్నట్టు అవతలి మూలకు పరుగెత్తాయి.

"చూశారా మామయ్యా! పైపు నైరుతిలో ఉండి, నేను ఈశాన్యానికి వాలు పెట్టినా ఇలాగే కురిసేది. దిక్కుల తప్పు కాదు. నాదే!"

"గంత సదువు సదివి పైపు సూడలేదంటె నేను నమ్మ. ఏదో గ్రహం పట్టింది నీకు."

"ఏ గ్రహమూ పట్టలేదు! నేను స్వతహాగా ఇంతే! సునీతా, చెప్పు!"

"అవు నాయినా," అంది సునీత కొంగు పిండుకుంటూ. "పెండ్లయిన కాన్నుంచి సూస్తున్న. గ్రహాలకేం సంబంధం లేదు."

అయినా ఆయన నమ్మలేదు. మల్లేశ్‌కు ఫోన్ చేసి, స్పీకర్ పెట్టాను.

"మల్లేశ్, పైపు సంగతి నాకెందుకు చెప్పలేదు?"

"సార్, మీరు గంత మంచిగ జెప్తుంటే పైపు సంగతి నేను గూడ మర్చిపోయిన!"

మామగారు పైపును చూశారు, చెరువును చూశారు, నన్ను చూశారు. బండి గుంతలో పడ్డాక బ్రేకులదా తప్పు, మనిషిదా అని తేల్చే చూపు అది.

"ఒప్పుకున్న అల్లుడా," అన్నారు చివరికి. "బండి మంచిదే, రోడ్డు మంచిదే. డ్రైవరే గింత. వ్రతం వద్దు తియ్యి. గీ తెలివికి వ్రతం గూడ పని జెయ్యది."

గెలిచాను! నా జీవితంలో అంత తిరుగులేని గెలుపు మరొకటి లేదు.

వానలు తగ్గాక అంతా మళ్ళీ చెక్కి మళ్ళీ పోశారు. స్కూటరు ఇంకో అటక ఎక్కింది. పని జరిగినన్నాళ్ళూ మామగారు మా ఇంట్లోనే ఉండి, పిట్టగోడ మీద కూర్చుని బీడీ కాలుస్తూ మల్లేశ్‌కు దారి చూపించారు. "ఇంక జర పైపు దిక్కు," అనేవారు. "పైపు దిక్కే వంచు." ఈశాన్యం అనే మాట మాత్రం ఒక్కసారీ ఆయన నోట రాలేదు. ఆ మర్యాద నాకు అప్పుడు తట్టలేదు. ఆయన పోయాక, ఒక వానలో, డాబా మీద నిలబడి ఉన్నప్పుడు తట్టింది.

ఇక ప్రతిజ్ఞ. మూఢనమ్మకాలను ఖండించడం మానను, ఆ ఆశ ఎవరూ పెట్టుకోవద్దు. కానీ ఇకమీదట ఎవరి నమ్మకాన్ని చీల్చి చెండాడాలన్నా, ముందు మెట్లెక్కి పైపు ఎక్కడుందో చూసొచ్చాకే నోరు తెరుస్తానని మేఘాలన్నిటి సాక్షిగా గంభీరంగా ప్రమాణం చేస్తున్నాను.

మీరేమిటి, ఇంకా కూర్చునే ఉన్నారా? లేవండి. మీ డాబా ఎక్కండి. ఒక బకెట్ నీళ్ళు కుమ్మరించి, అవి ఎటు పోతున్నాయో మీ కళ్ళతో చూడండి. పండితుణ్ణి అడక్కండి. ముఖ్యంగా నన్ను అడక్కండి.