పీచు పండ్లకు కుట్టిన గౌన్లు

తడిగుడ్డ మీద ఇస్త్రీపెట్టె పెట్టినప్పుడు లేచే వాసన ముక్కుకు తగిలితే చాలు, ఇప్పటికీ నేను మా పిన్ని గదిలో ఉంటాను. పిన్ని టైలరు. వీధి వైపు గదిలో కుట్టుమిషను, మేకులకు వేలాడే సగం కుట్టిన బట్టలు, వెనక కిటికీలోంచి కనిపించే పీచ్ చెట్టు. కాన్వెంటులో సిస్టర్లు మాకు దాన్ని పీచ్ అనే నేర్పారు. ఇంటికొచ్చేసరికి అది పీచు పండు అయిపోయింది.

"పీచే లేని పండుకి ఆ పేరెవడు పెట్టాడ్రా?" అని పిన్ని అత్తగారు ఏటా నన్నే నిలదీసేది.

ఆ చెట్టు నాటింది ఆవిడే. కానీ కాయ మెత్తబడటం ఆలస్యం, ఈగ వాలి తొక్కలోకి గుడ్లు దింపేది. కోస్తే టెంక చుట్టూ పురుగులే. వాటిలో బాగా బలిసినదాన్ని పిన్ని దారపు రీలనుకుని మిషనుకి ఎక్కించబోయిందని అప్పట్లో వీధంతా చెప్పాను. ఆ మాట ఇప్పటికీ వెనక్కి తీసుకోను.

చూపు మందగించాక అత్తగారికి ఒకటే కోరిక మిగిలింది.

"కోసి చూసుకునే పని లేకుండా, నా చెట్టు పండొకటి కళ్ళు మూసుకుని కొరకాలే అమ్మాయీ."

"కట్టుడు పళ్ళతోనా అత్తయ్యా?"

"పళ్ళ సంగతి నేను చూసుకుంటా. పురుగు సంగతి నువ్వు చూడు."

పిన్ని పాత దోమతెర కత్తిరించింది. మెడలో టేపు వేసుకుని, స్టూలెక్కి, ఒక్కో పచ్చికాయకీ నడుం కొలత తీసింది. ఆవిడ ఫిటింగంటే పేరు మరి! ముడత లేకుండా, అతికినట్టు గౌన్లు కుట్టి తొడిగింది. కాయలు ఊరుకుంటాయా? ఊరాయి. వల తొక్కకు అంటుకుపోయింది. ఈగలు పైన దర్జాగా కూర్చుని కంతల్లోంచే పొడిచాయి. ఆ ఏడు ఒక్క పండూ దక్కలేదు.

"ఎదిగే పిల్లకి ఎవరైనా ఇంత బిగుతుగా కుడతారటే?" అని దెప్పింది అత్తగారు. పుచ్చిన పండు పక్కన పెట్టి, "మళ్ళీ కాపుకి ఉంటానో లేదో" అంది.

పిన్నికి ఆ రెండో మాట గుచ్చుకుంది. మరుసటి ఏడు పిందెలు గోలీలంత ఉన్నప్పుడే మొదలుపెట్టింది. కొలతలు లేవు. నిండా కుచ్చులు, చుట్టూ ఎడం, తొడిమ దగ్గర బిగించి కట్టడానికి నాడా.

"నేను కుట్టానని ఎవరికీ చెప్పకురా, గిరాకీ పోతుంది" అంది నాతో.

పండు రంగు తిరిగాక నాడా విప్పి, తుడిచి, అత్తగారి అరచేతిలో పెట్టింది. పిన్ని చెయ్యి అలవాటుగా చాకు వైపు వెళ్ళింది.

"అక్కడే ఉండనీ."

అత్తగారు కళ్ళు మూసుకుని కొరికింది. కట్టుడు పళ్ళు పండులోనే ఉండిపోయాయి. మేం నవ్వాపుకోలేక చస్తుంటే ఆవిడ వాటిని పీకి ఒళ్ళో పెట్టుకుని, మళ్ళీ కళ్ళు మూసుకుంది. రసం మోచేతి దాకా కారింది. పిన్ని ఆవిడ మొహమే చూస్తోంది. అత్తగారు టెంక నున్నబడేదాకా చీకి, అప్పుడు కళ్ళు తెరిచింది.

"ఇంకోటి తే. గౌనుతోనే తే, నేనే విప్పుకుంటా."