చేతిలో టికెట్

బహ్లా నుంచి మస్కట్ వెళ్లే బస్సులో నా పక్కన కూర్చున్న కడప అక్క, నావైపు చూడాలంటే మనిషి మొత్తంగా తిరిగేది. ఒక ఒమానీ ఇంట్లో పసివాడిని చూసుకుంటోంది. ఆరేళ్ల కిందట నిచ్చెన మీదనుంచి పడితే, మెడ ఎముకలను స్క్రూలతో కలిపి బిగించారట.

"టికెట్ నా చేతిలోనే ఉండాదా, చూడమ్మా," అంది కాసేపటికి.

అది ఆమె కాళ్ల దగ్గర పడి ఉంది. తీసి ఇచ్చాను.

"వేళ్లకు స్పర్శ లేదా అక్కా?"

"రంజాన్ కాన్నుంచి. బిగించిన దాని పైన డిస్క్ అరిగి నరం నొక్కుతాందంట. మళ్లా కోయల్లంట."

"మీ మేడమ్‌కు చెప్పారా?"

"నువ్వేంది, పోలీసామె మాదిరి!" అని నవ్వింది. "చెప్తే ఇంటికి పంపిచ్చేస్తాది. నా బిడ్డ నర్సింగ్ ఇంగా రెండేండ్లుంది."

కాలేజీ డిబేట్లలో ప్రతి జవాబుకూ నా దగ్గర మరో ప్రశ్న సిద్ధంగా ఉండేది. ఆరోజూ ఉంది: రేపు ఆ చేతిలోంచి జారేది పసివాడైతే? అడగలేకపోయాను. ఆమె వేళ్లను ఒక్కొక్కటిగా టికెట్ చుట్టూ మూశాను.

"పట్టుకున్యానా?"

"పట్టుకున్నారక్కా."

అల్ మవాలే స్టాపులో ఆమె నిటారుగా దిగి వెళ్లిపోయింది. టికెట్ సీటు మీదే ఉంది.